ఫ్రెంచ్ క్రియల్ని ముక్కలు చేయడం: రాతకో లెక్క, నోటికో లెక్క

ప్రశ్న ఇదీ: కెనడా పీఆర్ కోసం ఒకరు ఫ్రెంచ్ నేర్చుకుంటున్నారు. 'మాట్లాడు' అనే అర్థం ఉన్న 'పార్లే' క్రియ దగ్గర ఆగిపోయారు. 'వాళ్లు మాట్లాడతారు' అనే రూపాన్ని పుస్తకంలో రెండు సిలబుల్స్‌గా విడగొట్టి చూపించారట, ఆడియోలో మాత్రం ఒక్కటే వినిపిస్తోందట. చివరి ఇ-ఎన్-టి ఎటు పోయింది? ఏ రూపాన్ని ఎన్ని ముక్కలుగా పలకాలో రూల్ ఏమైనా ఉందా? 'పిలుచు' అనే క్రియలో ఒకచోట ఒక ఎల్, ఇంకోచోట రెండు ఎల్‌లు ఎందుకు?

సూటిగా జవాబు: పుస్తకమూ కరెక్టే, ఆడియో కూడా కరెక్టే. పుస్తకం చూపించింది లైను చివర మాటను విరవడానికి వాడే రాత విభజన. పలకడానికి దానితో పని లేదు. 'వాళ్లు' రూపం చివర వచ్చే ఇ-ఎన్-టిని ఏ క్రియలోనూ 'ఎంట్' అని పలకరు, ముక్కుతో 'ఆఁ' అని కూడా పలకరు. అక్కడ అచ్చు ధ్వనే లేదు. అందుకే 'ఇల్ పార్ల్' అంటే సరిపోతుంది. క్రియ వరకు ఒక్కటే సిలబుల్.

రెండు ఎల్‌ల సంగతి కొంచెం పెద్దది. దానికి కూడా కారణం సిలబులే కాబట్టి తర్వాత వివరంగా చెప్తాను.

ముందు నా రాత పద్ధతి. ముక్కుతో పలికే అచ్చులకు మన పాత అరసున్నా (ఁ) వాడుతున్నాను, ఆ గుర్తు ఉన్నది ఆ పనికే. బిగువుగా పలికే 'ఏ' ఒకటి, నోరు ఇంకాస్త తెరిచి వదులుగా పలికే 'ఎ' ఒకటి, రెండూ ఫ్రెంచ్‌లో వేర్వేరు. దీర్ఘం, హ్రస్వం అని కాకుండా బిగువు, వదులు అని చదువుకోండి. ఫ్రెంచ్ టి, డి అక్షరాలు మన త, ద లాగా పళ్లకు తగిలి పలుకుతాయి. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకండి. ఇది తెలుగువాళ్లకు ఉచితంగా దొరికిన లాభం, చాలామంది చేజేతులా వదులుకుంటారు.

ఇప్పుడు 'పార్లే' వర్తమానకాలం ఆరు రూపాలూ చూడండి. జ పార్ల్, త్యూ పార్ల్, ఇల్ పార్ల్, నూ పార్లోఁ, వూ పార్లే, ఇల్ పార్ల్. రాతలో నేను రూపం చివర ఇ, నువ్వు రూపం చివర ఇ-ఎస్, వాడు రూపం చివర మళ్లీ ఇ, వాళ్లు రూపం చివర ఇ-ఎన్-టి. నోట్లో మాత్రం ఈ నాలుగూ ఒకటే. చివర ఇ-ఆర్ ఉండే మామూలు క్రియలన్నింటికీ ఇదే లెక్క. అంటే ఆరు గడుల పట్టికలో నోటికి పట్టాల్సినవి మూడే ధ్వనులు. బట్టీ పట్టేవాళ్లు ఆరు గడులనూ కంటితో పడతారు, వినేటప్పుడు మూడే వినిపించేసరికి టెన్షన్ పడతారు.

మరి పలకనిది రాయడం ఎందుకు? ఒకప్పుడు పలికేవాళ్లు కనుక. లాటిన్‌లో 'వాళ్లు' రూపం చివర ఎన్-టి స్పష్టంగా వినిపించేది. కాలక్రమంలో ఊనిక (స్ట్రెస్, గట్టిగా పలకడం) లేని చివరి భాగం అరిగిపోయింది, రాత మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఆ 'త' పూర్తిగా చచ్చిపోలేదు కూడా. ప్రశ్న అడగడానికి క్రియను ముందుకు తెచ్చి 'వాళ్లు ముగిస్తారా' అంటే 'ఫి-నిస్-తిల్' అవుతుంది, చివరి సిలబుల్‌లో త మళ్లీ లేచి కూర్చుంటుంది. 'వాడు అమ్ముతాడా' అన్నదాంట్లో రాసేది డి అయినా పలికేది 'వాఁ-తిల్'.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇ-ఎన్-టి పలకకపోవడం క్రియ రూపానికి మాత్రమే. నామవాచకాల్లో, విశేషణాల్లో అదే ఇ-ఎన్-టి 'ఆఁ' అని వినిపిస్తుంది. ఫ్రెంచ్ బడిపిల్లలకు ఈ తేడా చెప్పడానికి ఒక పాత వాక్యం వాడతారు: 'మఠంలోని కోళ్లు పొదుగుతున్నాయి' అని. మఠం, పొదుగుతున్నాయి, రెండు మాటలకీ స్పెల్లింగ్ ఒక్కటే, అక్షరం తేడా లేదు. కానీ మొదటిది 'కూ-వాఁ', రెండోది 'కూవ్'. 'అధ్యక్షుడు' అనే మాట 'ప్రే-జి-దాఁ', 'వాళ్లు అధ్యక్షత వహిస్తారు' అన్నది 'ఇల్ ప్రే-జిద్'. కాబట్టి చదివేటప్పుడు ముందు అది క్రియో కాదో చూసుకోవాలి, తర్వాతే నోరు తెరవాలి. ఎ-ఐ-ఇ-ఎన్-టి చూసి కూడా కంగారు పడొద్దు. 'వాళ్లు మాట్లాడేవారు' అన్నది 'పార్లె', 'నేను మాట్లాడేవాణ్ణి' అన్నదీ 'పార్లె'. అయిదు అక్షరాలకూ కలిపి ఒక్క అచ్చు.

ఇక అసలు విషయం. ఏకవచనం, బహువచనం ఒకేలా వినిపిస్తే వినేవాడికి ఎలా తెలుస్తుంది? ఇ-ఆర్ క్రియల్లో చాలాసార్లు తెలియదు, సందర్భమే దిక్కు. మిగతా క్రియల్లో మాత్రం చివరి హల్లు చెప్పేస్తుంది. వాడు వెళ్తాడు: 'ఇల్ పార్'. వాళ్లు వెళ్తారు: 'ఇల్ పార్త్'. ముగిస్తాడు 'ఫిని', ముగిస్తారు 'ఫినిస్'. అమ్ముతాడు 'వాఁ', అమ్ముతారు 'వాఁద్'. నిద్రపోతాడు 'దోర్', నిద్రపోతారు 'దోర్మ్'. రాస్తాడు 'ఏక్రి', రాస్తారు 'ఏక్రివ్'. తీసుకుంటాడు 'ప్రాఁ', తీసుకుంటారు 'ప్రెన్'. అదే ఇ-ఎన్-టి, తాను పలకదు కానీ ముందున్న హల్లును పలికిస్తుంది. ఆ మూగ ఇ లేకపోతే చివరి హల్లు కూడా మూగబోయేది.

మన వాళ్లకు దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే. తెలుగు అజంత భాష, మాట హల్లుతో ఆగితే మనకు గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటుంది. బస్సు, కారు, రోడ్డు అని చివర ఉకారం చేర్చుకుంటాం. అదే అలవాటు ఫ్రెంచ్‌లోకి వస్తే 'ఇల్ పార్త్' కాస్తా 'ఇల్ పార్తూ' అవుతుంది. మా బ్యాచ్‌లో గుంటూరు నుంచి ఒకమ్మాయి ఉండేది. వ్యాకరణంలో దిట్ట, రాతలో ఒక్క తప్పు ఉండదు. స్పీకింగ్ ప్రాక్టీసుకి ఫ్రెంచ్ ఆవిడ ఒకరు వచ్చినప్పుడు ఈ అమ్మాయి 'మా స్నేహితులు రేపు వెళ్తున్నారు' అని చెప్పింది. ఆవిడకు వినిపించింది 'మా స్నేహితులు అంతటా' అని, ఎందుకంటే 'పార్తూ' అంటే ఫ్రెంచ్‌లో 'అన్ని చోట్లా'. ఆవిడ "అంతటా ఏం చేస్తారు?" అని అడిగింది. తర్వాత ఆ అమ్మాయితో ఒకటే చేయించాను: త దగ్గర నాలుక పళ్లకు ఆనించి, చిన్న గాలి వదిలి, పెదవులు కదపకుండా ఆగిపోవడం. పెదవులు ముందుకు వచ్చాయంటే ఉకారం వచ్చేసినట్టే. అద్దం ముందు చేస్తే మీకే కనబడుతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. రాతలో రెండు హల్లులు కనబడగానే మనం ద్విత్వం చేసేస్తాం: 'అప్పెల్', 'దొన్నే', 'ఫినిస్స్'. ఫ్రెంచ్‌లో అవి ఒత్తులు కావు, ఒక్క హల్లే. మన ఒత్తు నిజంగా పనికొచ్చేది ఒకచోట ఉంది. పరుగెత్తు, చచ్చిపోవు క్రియల్లో 'పరుగెత్తేవాడు' అన్నది 'కూ-రె', 'పరుగెత్తేవాడేమో' అనే షరతు రూపం 'కూర్-రె'. 'మూ-రె', 'మూర్-రె' కూడా అంతే. ఈ తేడాకు ఇంగ్లీషువాళ్లు తంటాలు పడతారు. కర, కర్ర అనే భాషలో పుట్టిన మనకు అది లెక్కలోది కాదు.

ఇప్పుడు రెండు ఎల్‌ల ప్రశ్న. ఫ్రెంచ్‌లో ఊనిక ఎప్పుడూ పలికే సిలబుల్స్‌లో చివరిదాని మీద పడుతుంది. మూగ ఇ ఊనికను మోయలేదు. 'పిలుచు' క్రియ 'ఆ-ప్లే'. 'మేము పిలుస్తాం': నూ-జా-ప్లోఁ. ఊనిక 'ఓఁ' మీద ఉంది కనుక మధ్యలో ఉన్న ఇ హాయిగా మాయమైంది. 'నేను పిలుస్తాను' దగ్గరికి వస్తే చివర్లో అచ్చు లేదు, కనుక ఊనిక వెనక్కి జరిగి ఆ మధ్య ఇ మీదే పడింది. మూగగా ఉంటే కుదరదు. అది నోరు తెరిచి 'ఎ' అయింది: జా-పెల్. ఆ తెరుచుకున్న ధ్వనిని రాతలో చూపించడానికే రెండో ఎల్. అదే పనికి 'కొను' క్రియలో ఇ నెత్తిన వాలు గీత పెడతారు: 'జా-షెత్', కానీ 'నూ-జాష్-తోఁ'. ఒకే రోగానికి రెండు మందులన్నమాట. 1990 డిసెంబర్ 6న ఫ్రాన్స్ ప్రభుత్వ గెజిట్‌లో వచ్చిన స్పెల్లింగ్ సవరణలు ఇలాంటి క్రియలన్నింటికీ గీత పద్ధతినే సూచించాయి. పిలుచు, విసురు క్రియల్ని, వాటి నుంచి పుట్టినవాటిని మాత్రం పాతవిధంగానే వదిలేశాయి. అందువల్ల రెండు రకాల పుస్తకాల్లో రెండు రకాల స్పెల్లింగ్ కనబడితే బెదరకండి, పలుకు మారలేదు. 'ఆశించు' క్రియలో కూడా అంతే: నూ-జెస్-పే-రోఁ అన్నప్పుడు బిగువు 'ఏ', జెస్-పెర్ అన్నప్పుడు వదులు 'ఎ'. సిలబుల్ హల్లుతో మూసుకుంటే అచ్చు తెరుచుకుంటుంది.

ఈ ఒక్క కిటుకు పట్టుకుంటే సక్రమం కాదని భయపెట్టే క్రియల్లో సగం దారిలోకి వస్తాయి. 'రావాలి, చేయాలి' అనే అర్థమిచ్చే క్రియ చూడండి: జ ద్వా, నూ ద-వోఁ, ఇల్ ద్వావ్. తాగు: జ బ్వా, నూ బ్యూ-వోఁ, ఇల్ బ్వావ్. వచ్చు: జ వ్యెఁ, నూ వ-నోఁ, ఇల్ వ్యెన్. అన్నింట్లోనూ మేము, మీరు రూపాలు ఒక జట్టు, మిగతా నాలుగూ ఇంకో జట్టు. మేము, మీరు దగ్గర ఊనిక ప్రత్యయం మీదకు పోతుంది, వేరు బలహీనపడుతుంది. మిగతా నాలుగింట్లో ఊనిక వేరు మీద ఉంటుంది, వేరు అచ్చు బలిసి 'వా', 'యె' లాంటివి అవుతుంది. ఇది లాటిన్ నుంచి వచ్చిన వారసత్వమే. ఒక పెద్ద మినహాయింపు 'చేయు' క్రియ. 'మేము చేస్తాం' అన్నదాంట్లో ఎ-ఐ అని రాసి ఉంటుంది, చూసినవాళ్లంతా 'ఫె-జోఁ' అంటారు. పలికేది 'ఫ-జోఁ', మూగ ఇ లాగా. 'చేసేవాడు' కూడా 'ఫ-జె'. 'మీరు చేస్తారు' మాత్రం మామూలుగా 'ఫెత్'.

'వాళ్లు' రూపాన్ని చెవికి గట్టిగా పట్టిస్తే ఇంకో లాభం ఉంది. సబ్‌జంక్తిఫ్ (కోరిక, సందేహం, అవసరం చెప్పే వాక్యాల్లో వాడే క్రియ రూపం) పేరు వింటేనే జడుసుకుంటారు కదా? చాలా క్రియల్లో దాని నేను, నువ్వు, వాడు, వాళ్లు రూపాలు నాలుగూ వర్తమానంలోని 'వాళ్లు' ధ్వనితో సమానం. పార్త్, ఫినిస్, వ్యెన్, ప్రెన్, బ్వావ్. కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. ఉండు, కలిగి ఉండు, వెళ్లు, చేయు, చేయగలుగు, కోరు, తెలియు లాంటి కొన్నింటికే వేరే రూపాలు.

భవిష్యత్తులో ఎన్ని సిలబుల్స్ అన్నది కొంచెం జారుడు వ్యవహారం. 'ఇస్తాను' రాతలో మూడు ముక్కలు, నోట్లో రెండే: దొన్-రే. 'ప్రేమిస్తాను': ఎమ్-రే. కానీ 'మాట్లాడతాను' మాత్రం పార్-ల-రే, మూడూ ఉంటాయి. మూగ ఇని తీసేస్తే ర-ల-ర మూడు హల్లులు గుమిగూడతాయి, నాలుక తిరగదు. 'చూస్తాను' కూడా ర-గార్-ద-రే. దీన్ని ఫ్రెంచ్‌వాళ్లు మూడు హల్లుల సూత్రం అంటారు, భాషావేత్త మోరిస్ గ్రామోఁ పేరుతో ప్రసిద్ధం. సూత్రం అన్నారు గాని మనుషులు దానికి లోబడే మాట్లాడతారని కాదు. పనికొచ్చే అంచనా, అంతే.

అలాంటిదే ఇంకోటి. 'చదువుకుందాం' అనే అర్థంలో ఏ-త్యూ-ద్యోఁ అన్నప్పుడు ద, య కలిసిపోయి ఒకే సిలబుల్‌లో ఉంటాయి. 'మరచిపోతాం' దగ్గర మాత్రం నూ-జూ-బ్లి-యోఁ, 'అరుస్తాం' దగ్గర క్రి-యోఁ. ముందు బ్ల, క్ర లాంటి జంట ఉంటే ఐ అక్షరం తన సిలబుల్‌ను వదులుకోదు. ఇక 'తింటాం' రూపంలో జి తర్వాత కనబడే ఇ సిలబుల్ కానే కాదు. జి అక్షరం 'గ' అయిపోకుండా కాపలా కాయడమే దాని పని. మాఁ-జోఁ, రెండే.

ఇంతవరకు క్రియను ఒంటరిగా చూశాం. మాటల్లో అది ఒంటరిగా ఉండదు, ఫ్రెంచ్ సిలబుల్‌కు మాటల మధ్య గోడ లేదు. 'వాళ్లు ఇంగ్లీషు మాట్లాడతారు' అన్నది ఇల్-పార్-లాఁ-గ్లె. క్రియ చివరి 'ల' పక్క మాట మొదటికి దూకింది. మనకు ఇది కొత్తేమీ కాదు. రాముడు, అతడు కలిసి 'రాముడతడు' అయినప్పుడు డకారం చేసేది ఇంచుమించు ఇదే పని. అందుకే తెలుగు సంధులు చదివినవాళ్లు దీన్ని తొందరగా పట్టేస్తారని నా అనుభవం. ఇందాక ఇ-ఆర్ క్రియల్లో ఏకవచనం, బహువచనం చాలాసార్లు తెలియవన్నాను కదా, క్రియ అచ్చుతో మొదలైతే తెలుస్తుంది. 'వాడు ప్రేమిస్తాడు': ఇ-లెమ్. 'వాళ్లు ప్రేమిస్తారు': ఇల్-జెమ్. ఆ జ 'జీరో'లో ఇంగ్లీషువాళ్లు పలికే జ. లిజనింగ్ పరీక్షలో ఒకరా చాలామందా అన్నది పట్టించేది ఆ ఒక్క ధ్వనే. 'వాళ్లకు ఉంది' అంటే ఇల్-జోఁ, 'వాళ్లు ఉన్నారు' అంటే ఇల్-సోఁ. జ, స తారుమారైతే వాక్యం అర్థమే మారిపోతుంది, మన నోట్లో ఈ రెండూ ఒకదానిలోకి ఒకటి జారిపోతూ ఉంటాయి. దీనికి రోజూ కాసేపు కేటాయించండి.

కొన్ని షరతులు కూడా చెప్పాలి. నేను చెప్పింది ఉత్తర ఫ్రాన్స్ ప్రామాణిక పలుకు. తూలూజ్, మార్సెయ్ వైపు మూగ ఇ అంత మూగ కాదు, 'ఇల్ పార్ల' అని చివర చిన్న అచ్చు వినిపిస్తుంది. అక్కడైనా 'పార్లెంట్' అనరు. పాటల్లో కూడా స్వరానికి సరిపడా ఆ ఇని లాగి పాడతారు. పన్నెండు సిలబుల్స్ పద్యపాదంలో హల్లు ముందు వచ్చే మూగ ఇ లెక్కలోకి వస్తుంది, కాబట్టి పాటలు విని సిలబుల్స్ లెక్క నేర్చుకోవద్దు. పారిస్‌లో చాలామంది 'మాట్లాడతాను', 'మాట్లాడేవాణ్ణేమో' అనే షరతు రూపం, రెండింటినీ ఒకేలా పలుకుతారు. ఏ, ఎ తేడా వినిపించకపోతే మీ చెవిని అనుమానించకండి. మీరు వెళ్లేది కెనడా కనుక ఇంకో మాట: క్యూబెక్‌లో త, ద తర్వాత 'ఈ' లాంటి అచ్చు వస్తే 'త్స', 'ద్జ' అవుతాయి. అక్కడ 'నువ్వు' అన్నది 'త్స్యూ'. మామూలు కబుర్లలో 'జ' కూడా నిలవదు, 'నేను మాట్లాడతాను' అన్నది ఎక్కడైనా 'ష్పార్ల్' అయిపోతుంది. అలా మీరు మాట్లాడక్కర్లేదు, విన్నప్పుడు గుర్తుపడితే చాలు. మీకు కావాల్సిన ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్ స్థాయిని కొలిచే కెనడా కొలమానం) 7 నాలుగు నైపుణ్యాల్లోనూ రావాలి కాబట్టి వినడాన్ని చివరికి వాయిదా వేయొద్దు.

ప్రాక్టీసుకి నేను చేయించేది: కొత్త క్రియ వస్తే పట్టిక రాయనివ్వను. ముందు నాలుగు ధ్వనులు నోటితో చెప్పాలి: వాడు, మేము, మీరు, వాళ్లు. ప్రాఁ, ప్ర-నోఁ, ప్ర-నే, ప్రెన్. అవి తడబడకుండా వచ్చాకే స్పెల్లింగ్. ఏదైనా రూపం మీద అనుమానం వస్తే ఫ్రెంచ్ విక్షనరీలో ఆ క్రియ రూపాల పేజీ తెరవండి, ప్రతి రూపం పక్కన ఐపీఏ (అంతర్జాతీయ ధ్వని లిపి) గుర్తుల్లో ఉచ్చారణ ఉంటుంది. గుర్తుల మధ్య చుక్క కనబడితే అదే సిలబుల్ విరుపు. 'పార్ల్' పక్కన ఆ చుక్క ఉండదు.